తుమ్మితే గుండె ఆగుతుందా

మా వదిన బడిలో నన్ను "మేడమ్" అని పిలిచిన మొదటి రోజు నవ్వాపుకోవడం నాకు చచ్చేంత పనైంది. ఇంట్లో నేను ఆమెకు చిట్టీని. మా అన్నను చేసుకుని ఆమె ఇంటికొచ్చేనాటికి నేను పలక పట్టుకుని తిరిగే పిల్లని. నాకు జడలేసిన చెయ్యి ఆమెది, పరీక్షలో తప్పులు చేసి వస్తే వీపు మీద ఒక్కటిచ్చిన చెయ్యీ ఆమెదే. అలాంటి మనిషి స్టాఫ్ రూములో అందరి ముందూ లేచి నిలబడి, కళ్ళద్దాలు సర్దుకుని, "మేడమ్, దీనికి స్విచ్చి ఎక్కడుందండీ?" అని అడిగింది. అడిగి, నాకేసి ఒక చూపు చూసింది. నవ్వావో, సాయంత్రం ఇంటికే కదా వస్తావు అని దానర్థం.

నా ఉద్యోగం టీచర్లకు నేర్పడం. బ్లాక్‌బోర్డుల స్థానంలో బళ్ళకు వచ్చిన తాకే తెరలు, కంప్యూటర్లు, నెట్టు, వీటిని తరగతిలో పిల్లలకు పనికొచ్చేలా ఎలా వాడాలో చూపిస్తాను. ఒక్కో బడిలో కొన్ని వారాలుండి ఇంకో బడికి పోతుంటాను. ఈసారి వదిన పనిచేసే బడికి వేశారని తెలిసి, "మా బంధువులున్న బడండీ, మార్చండి" అని మా ఆఫీసరును అడిగాను. "మరీ మంచిది, భోజనానికి ఇబ్బంది ఉండదు" అన్నాడాయన. ఆయనకు మా వదిన సంగతి తెలియదు.

వదిన సైన్సు టీచరు. పదో తరగతికి చెబుతుంది. చెబుతుంది అంటే చాలదు. ఆ ఊళ్ళో పదో తరగతి సైన్సంటే ఆవిడే. ఆసుపత్రిలో సూది వేసే నర్సు, మందుల కొట్టువాడు, ఆఖరికి ఆ మధ్య ఆమె పన్ను పీకిన డాక్టరు కూడా ఆమె దగ్గర గుండె బొమ్మ వేయడం నేర్చుకున్నవాళ్ళే. పన్ను పీకేటప్పుడు, "నోరు పెద్దగా తెరవండి టీచర్, ఇన్నేళ్ళూ తెరిచారుగా" అన్నాడట. నోట్లో దూది ఉండి వదిన జవాబు చెప్పలేకపోయింది. ఆమె జీవితంలో జవాబు చెప్పలేని సందర్భం అదొక్కటే.

ఆ ఏడాది పై ఆఫీసు సైన్సు టీచర్లకు ఒక నియమం పెట్టింది. కొత్త తెర ఉన్న గదిలో చెప్పాలంటే, ఆ టీచరు ముందుగా తయారుచేసిన పాఠాన్ని ఒక కమిటీ ముందు తెర మీద చెప్పి మెప్పించాలి. ఆ బడిలో తెర ఉన్నది ఒక్క పదో తరగతి గదిలోనే. మెప్పించలేకపోతే వదినకు చిన్న తరగతులూ, ల్యాబు సామాను చూసుకునే పనీ ఇస్తారు. పదో తరగతి కొత్తగా వచ్చిన కుర్ర టీచరుకు పోతుంది. అతను మంచివాడే, నేను నేర్పకముందే తెర గురించి నాకే రెండు విషయాలు చెప్పాడు. కానీ వదినకు కావలసింది పదో తరగతి. రిటైరయ్యే లోపల ఆ గది నుంచి తనను ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి పంపడం ఆమెకు ఇష్టం లేదు.

"పోతే పోనీలే, చిన్నపిల్లలతో హాయిగా ఉంటావు" అన్నాడు మా అన్న అన్నం తింటూ. ఆయనది మోటార్లు బాగుచేసే షాపు, ఇంటి ముందు గదిలోనే.

"రేపటి నుంచి మిమ్మల్ని మోటార్ల దగ్గర్నించి తీసేసి టార్చిలైట్లు బాగుచెయ్యమంటే హాయిగా ఉంటారా?" అంది వదిన.

అన్న కూర ఇంకాస్త వడ్డించుకున్నాడు.

నేను బడికి వెళ్ళేసరికి ఆ తెరకు ఒక దుప్పటి కుట్టించి తొడిగారు. దుప్పటికి కింద నాడాలు, నాడాలకు ముడులు. బడి పెద్ద, హెచ్చెం మేడమ్, ముడులు ఎవరైనా విప్పితే తెలిసేలా తనదైన పద్ధతిలో వేసుకునేది. "ఖరీదైన వస్తువమ్మా. ఏదైనా అయితే సంతకం నాది" అంది. దాన్ని వాడకపోయినా పాడవుతుందని నచ్చజెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తర్వాత ఆవిడే రోజూ వచ్చి దుప్పటి విప్పి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని వెళ్ళేది.

వదినకు నేర్పడం మొదలుపెట్టాను. బడి వదిలాక ఖాళీ గదిలో ఇద్దరమే. నేర్చుకునే మనిషి వదిన కాబట్టి, నేర్పే పని సగం ఆవిడే లాక్కుంది.

"ఇది నొక్కు వదినా."

"ఎందుకు నొక్కాలి?"

"నొక్కితే బొమ్మ వస్తుంది."

"బొమ్మ ఎందుకు రావాలి? నేను గీస్తాగా. నేను గీస్తుంటే పిల్లలు నా చెయ్యి వెంట వస్తారు. నువ్వు నొక్కితే బొమ్మ ఒక్కసారిగా ఊడిపడుతుంది. ఊడిపడ్డదాన్ని చూసి నోరు తెరుస్తారు, అంతే."

ఆమె చెప్పింది నిజమే. నా శిక్షణ పుస్తకంలో దానికి జవాబు లేదు. కాబట్టి ఆమెకు నొక్కడం మానిపించి, తెర మీద వేలితో గీయడం చూపించాను. గుండెకు నాలుగు గదులు వేలితోనే గీసింది. గీసిన బొమ్మలో రక్తం పోయే దారిని కదిలేలా చేయొచ్చని చూపిస్తే, కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. "ఇన్నేళ్ళు బాణం గుర్తులతో సరిపెట్టాను" అంది. ఆ ఒక్క మాటతో నా పని సగం అయిపోయింది. మిగతా సగానికి ఆమే పట్టుబట్టి కూర్చుంది. నెట్లో వెతకడం, దొరికినదాన్ని నమ్మొచ్చో లేదో చూడడం, పిల్లలు చెప్పే లెక్కలు తెర మీద వేసి గీతలుగా నిలబెట్టడం. ఆమె టైపు చేసేది ఒక్క చూపుడువేలితోనే. ఆ వేలు ప్రతి అక్షరం మీదా కోడి గింజను పొడిచినట్టు పొడిచేది.

అంతా బాగానే ఉంది గానీ, చేసిన పాఠం మర్నాటికి ఉండేది కాదు.

సాయంత్రం ఇద్దరం కూర్చుని గుండె పాఠం పేజీలు పేజీలుగా చేసి దాచేవాళ్ళం. మర్నాడు వదిన తరగతిలో దాన్ని తెరిచి చెప్పేది. ఆ సాయంత్రం చూస్తే ఖాళీ. మళ్ళీ చేసేవాళ్ళం. మళ్ళీ పోయేది.

"నీ తెరకు నేనంటే పడదే చిట్టీ."

"తెరకు పడడం, పడకపోవడం ఉండదు వదినా."

"నీకేం తెలుసు? మీ అన్న షాపులో ఒక మోటారుంది. ఆయన చెయ్యి పడితే తిరుగుతుంది, ఇంకెవరు ముట్టుకున్నా తిరగదు."

పిల్లలు ఆడుతున్నారేమో అనుకున్నాను. యంత్రంలో లోపమేమో అని కంపెనీ వాళ్ళకు ఫోన్ చేశాను, వాళ్ళు ఆపి మళ్ళీ వెయ్యమన్నారు. ఆఖరికి ఏదైతే అదైందని వదిన పీరియడుకు వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. పాఠం చక్కగా సాగింది. గంట మోగింది. వదిన పిల్లలకు హోంవర్కు చెబుతూనే తెర వైపు తిరిగి, అరచెయ్యి తెర మీద పెట్టి, ఒక చివర నుంచి ఇంకో చివరకు శుభ్రంగా తుడిచేసింది. ఒక పేజీ అయ్యాక ఇంకో పేజీ. అన్నీ తుడిచాక తెర "మార్పులు దాచనా?" అని అడిగింది. వదిన మర్యాదగా అవునని నొక్కి, చేతులు దులుపుకుంది. దులపడానికి సుద్ద లేదు. అయినా దులుపుకుంది.

"వదినా, ఏం చేస్తున్నావ్?"

"తుడుస్తున్నా. కనబడట్లేదా?"

"ఎందుకు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "తర్వాత లెక్కల మాస్టారి పీరియడు. ఆయనకు బోర్డు మురికిగా ఎలా వదిలిపెడతాను?"

అప్పుడర్థమైంది. ఆ బడిలో అది టీచర్ల మధ్య మర్యాద. మన పీరియడు అయ్యాక బోర్డు మనమే తుడిచి, వచ్చేవారికి నల్లగా అప్పజెప్పాలి. ఒకరి రాతలు ఇంకొకరు తుడవాల్సి రావడం అవమానం. వెనకెప్పుడో డ్రాయింగు మాస్టారు నెమలి బొమ్మ తుడవకుండా వెళ్ళిపోయాడనీ, ఆ కోపంతో చరిత్ర టీచరమ్మ ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదనీ వదిన చెప్పింది. "నెమలి బాగుందని ఉంచాడట. ఆవిడ రాజుల వంశాలు ఎక్కడ రాసుకోవాలి?"

తెరకు పేజీలుంటాయనీ, కొత్త పేజీ తెరిచి వెళితే చాలుననీ, మర్యాదకు లోటు రాదనీ చెప్పాను. వదిన కాసేపు ఆలోచించి, "అంటే ఇది బోర్డు కాదు, పుస్తకం" అంది. ఆ రోజు నుంచి ఆమె పాఠాలు ఎక్కడివక్కడ ఉన్నాయి.

కమిటీ వచ్చే రోజుకు గుండె పాఠం పూర్తిగా తయారైంది. నాకు తెలిసినంతలో ఏ శిక్షకురాలూ అంత మంచి పాఠం చేయలేదు, అందులో నా చెయ్యి చాలా తక్కువ. నాలుగు గదులూ ఆమె వేలి గీతలే. రక్తం ఎర్రగా వెళ్ళి, ముదురు రంగులో తిరిగొచ్చేది. కవాటం మూసుకున్నప్పుడల్లా చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం వదిన మా అన్న ఛాతీ మీద ఫోన్ పెట్టి రికార్డు చేసింది. "పదో తరగతి పిల్లలందరూ నా గుండె వింటారా?" అని ఆయన కాస్త సిగ్గుపడ్డాడు.

కమిటీలో ముగ్గురు వచ్చారు. ముందు నడిచిన ఆఫీసరమ్మ చేతిలో చిన్న తెర, మొహంలో పొద్దున్నించి చాలా బళ్ళు చూసిన అలసట. వెనక ఒక బక్కపలచటి ఆయన, ఒక లావుపాటి ఆయన. నియమాలు ముందే చెప్పారు. పాఠం జరుగుతున్నంతసేపూ శిక్షకులు లేవకూడదు, నోరు మెదపకూడదు. అలా చేస్తే ఆ టీచరుకు రాదనే లెక్క. నన్ను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. మిగతా టీచర్లు వరండాలో కిటికీల దగ్గర నిలబడ్డారు.

వదిన లోపలికొచ్చింది. పిల్లలు లేచి కూర్చున్నారు. ఆమె తెర దగ్గరికి వెళ్ళి, పాఠం పేరు మీద వేలు పెట్టింది. తెర తెల్లగా అయింది. పేజీ తిప్పింది. తెలుపు. ఇంకో పేజీ. తెలుపు.

కిటికీ బయట నుంచి లెక్కల మాస్టారు వదినకేసి చూసి, తృప్తిగా తల ఊపాడు. అంతకుముందు పీరియడు ఆయనది. వదినకు పేజీల సంగతి చెప్పానే గానీ, ఆయనకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. కమిటీ వస్తోంది కదా, టీచరమ్మకు బోర్డు అద్దంలా ఉండాలని, ఆయన ఆ రోజు మామూలు కంటే శ్రద్ధగా, ఆమె పొద్దున్నే తెరిచి పెట్టుకున్న పేజీలతో సహా అన్నీ తుడిచి, దాచనా అంటే దాచమని చెప్పి వెళ్ళాడు. ఆయన మొహం చూస్తే ఇంకా ఎవరైనా మెచ్చుకుంటారేమో అన్నట్టుంది.

నా సంచిలో పాఠం నకలుంది. చిన్న పెన్‌డ్రైవు. నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. లేచి నాలుగడుగులు వేసి దాన్ని తెరకు పెడితే గుండె మళ్ళీ కొట్టుకుంటుంది. కానీ నేను లేచిన మరుక్షణం పదో తరగతి పోతుంది.

వదిన నన్ను చూసింది. తల ఊపలేదు, కళ్ళెర్ర చేయలేదు. చిన్నప్పుడు నేను నీళ్ళ బిందె ఎత్తలేక తడబడుతుంటే ఎవరో సాయానికి వస్తే, వాళ్ళను ఆపి నాకేసి ఇలాగే చూసేది. ఈసారి ఆపింది నన్ను. పెన్‌డ్రైవు వదిలేశాను.

ఆమె తెల్లటి తెర ముందు ఒక క్షణం నిలబడి, పిల్లల వైపు తిరిగింది.

"ఇవాళ గుండె. అయితే ముందు నేను చెప్పను, మీరే చెప్పండి. గుండె గురించి ఫోన్లో చూసినవి, ఎవరో అన్నవి, ఏవైనా సరే. నిజమా అబద్ధమా తర్వాత చూద్దాం. నేను రాస్తాను."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. కమిటీని చూశారు.

"వాళ్ళను చూడకండి. వాళ్ళకూ గుండె ఉంది, వాళ్ళూ ఏవేవో వినే ఉంటారు" అంది వదిన.

ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో దారి తెరుచుకుంది. గుండె పూర్తిగా ఎడమ పక్కే ఉంటుందని ఒకడన్నాడు. ఏనుగు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని ఇంకొకడు. వదిన వేలితో తెర మీద రాస్తూ పోయింది. వెనక నుంచి ఒకడు, "ఎవరినైనా ఇష్టపడితే గుండె ఆగుతుందంట టీచర్" అన్నాడు.

"నీది ఎన్నిసార్లు ఆగిందిరా?"

క్లాసంతా ఘొల్లుమంది. అప్పుడు మూడో బెంచీలోని పిల్ల లేచింది. గొంతు పెద్దదని బడంతా ఆ పిల్లను లౌడ్‌స్పీకర్ అంటారు. "టీచర్, తుమ్మితే గుండె ఆగుతుందంట. వీడియోలో చెప్పారు. అందుకేనంట తుమ్మగానే నూరేళ్ళని దీవించేది. మా పిన్ని అప్పట్నించి తుమ్మొస్తే ముక్కు నొక్కేసుకుంటోంది."

వదిన రాస్తున్న వేలు ఆగింది. ఆ మొహం నాకు తెలుసు. మంచి టమాటా గంపలో అన్నిటికన్నా మంచిది చేతికి తగిలితే వచ్చే మొహం.

"ఎంతమంది విన్నారు ఈ మాట?"

సగానికి పైగా చేతులు లేచాయి. బక్కపలచటి కమిటీ ఆయన చెయ్యి కూడా కాస్త లేచి, మళ్ళీ దిగింది.

"సరే. చూద్దాం. పక్కపక్కవాళ్ళు జతలుగా కూర్చోండి. ఒకరు మణికట్టు ఇవ్వండి, ఇంకొకరు నాడి పట్టుకోండి. చెయ్యిచ్చినవాళ్ళు కాగితం మూల మెలితిప్పి ముక్కు దగ్గర ఆడించండి. లోపలికి గుచ్చుకున్నారంటే నేను డాక్టరు దగ్గరికి రాను."

ఆ తర్వాత ఆ గదిలో జరిగినదాన్ని శిక్షణ పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు. ముక్కులు ఎగరేసే వాళ్ళు, కళ్ళు మూసుకుని ఎదురుచూసే వాళ్ళు, నీకు రాదు నాకివ్వు అని కాగితం లాక్కునే వాళ్ళు. ఒక మూల నుంచి మొదటి తుమ్ము వచ్చింది. దాన్ని చూసి రెండోది, మూడోది. లావుపాటి ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. బక్కపలచటి ఆయనకు ఏ కాగితం లేకుండానే మొహం మెలికలు తిరగసాగింది. పక్క బెంచీ కుర్రాడు చప్పున లేచి, "సార్, చెయ్యి" అన్నాడు. ఆయన ఆలోచించేలోపే చెయ్యిచ్చేశాడు. గది కిటికీలు అదిరేలా తుమ్మాడు.

కుర్రాడు కళ్ళు మూసుకుని నాడి పట్టుకుని నిలబడ్డాడు. గదంతా వాడికోసం ఆగింది.

"ఆగలేదు టీచర్. సార్ బతికే ఉన్నారు."

ఆఫీసరమ్మ తల వంచుకుని చేతిలో తెర మీద ఏదో రాస్తున్నట్టు నటించింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

వదిన నవ్వలేదు. "ఒక్కరితో తేల్చేస్తామా?" అంది. తెర మీద మూడు గళ్ళు గీసింది. ఆగింది, ఆగలేదు, తెలియలేదు. ఒక్కో జతను అడుగుతూ గడిలో వేలు పెడుతోంది. వేలు పెట్టినప్పుడల్లా ఆ గడి మీద గీత ఒక మెట్టు పైకి లేచేది. పిల్లలు కూర్చున్న చోటే సగం లేచి, గీతలు పందెంలో ఉన్నట్టు చూస్తున్నారు. ఆఖరికి అన్నిటికంటే పొడుగ్గా నిలబడింది తెలియలేదు అన్న గీత.

"ఎందుకు తెలియలేదు?"

"తుమ్మేటప్పుడు చెయ్యి ఊగింది టీచర్."

"నా వేలు జారింది టీచర్."

"వీడు తుమ్మితే నేను భయపడి వదిలేశాను."

"మంచిది. తెలియకపోతే తెలియలేదని చెప్పినవాళ్ళే ఇవాళ సరిగ్గా చేసినవాళ్ళు. మన వేళ్ళు చాలలేదు కాబట్టి, వేళ్ళ కంటే మంచి పనిముట్లున్నవాళ్ళు ఏమన్నారో చూద్దాం." తెర మీద వెతికే చోటు తెరిచింది. "నాకు టైపు చెయ్యడం నెమ్మది. మీ కళ్ళు చురుకు. తప్పు కొడితే చెప్పండి."

వారాల తరబడి ఆమె దాచుకోవాలనుకున్నది ఆ ఒక్క వేలినే. ఇప్పుడు దాన్ని కమిటీ ముందు, పిల్లలందరి ముందు చాచి, ఒక్కో అక్షరం పొడుస్తోంది. "టీచర్, ఒత్తు పోయింది" అన్నాడొకడు. "పోతే పోయింది, వెనక్కి రప్పిద్దాం" అంటూ దిద్దింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమెతో కలిసి రాస్తున్నారు.

మొదట వచ్చింది ఆ వీడియోనే. ఎర్రటి గుండె బొమ్మ, పెద్ద పెద్ద అక్షరాలు.

"ఇది చేసిందెవరు?"

పిల్లలు వెతికారు. "పేరు లేదు టీచర్."

"ఎక్కడ తెలుసుకున్నాడో చెప్పాడా?"

"లేదు టీచర్."

"కింద ఏముంది?"

లౌడ్‌స్పీకర్ కళ్ళు చిట్లించి చదివింది. "గుండెకు బలాన్నిచ్చే పొడి టీచర్. డబ్బా కొనమంటున్నాడు." తర్వాత నెమ్మదిగా, ఆ పిల్లకు ఎప్పుడూ లేని చిన్న గొంతుతో, "మా పిన్ని కొన్నది ఇదే" అంది.

"పిన్నిని ఏమీ అనకు. భయపడ్డ మనిషి ఏదైనా కొంటుంది. రేపు ఇంట్లో ఆమె పక్కన కూర్చుని నువ్వే ఇలా అడిగి చూపించు. ఎవరు చెప్పారు, ఎలా తెలిసింది, చెప్పినందుకు వాడికేం లాభం." వదిన ఇంకో పేజీ తెరిచింది. గుండె డాక్టర్లు రాసింది. కింద పేర్లు, తేదీ, ఎవరిని పరీక్షించారో వివరం. దాంతో ఊరుకోలేదు, ఇంకొకరు కూడా అదే అంటున్నారా అని మూడోది తెరిపించింది. తుమ్మినప్పుడు ఛాతీలో ఒత్తిడి మారుతుంది, తర్వాతి స్పందన ఒక్కోసారి కాస్త ఆలస్యంగా వస్తుంది, గుండె మాత్రం ఆగదు. అక్కడి నుంచి ఒత్తిడిలోకి, ఒత్తిడి నుంచి రక్తం వెనక్కి రాకుండా మూసుకునే కవాటాల్లోకి, కవాటాల నుంచి నాలుగు గదుల్లోకి నడిపించుకుపోయింది. గదులు తెల్లటి తెర మీద వేలితోనే గీసింది. మేం తయారుచేసుకున్న పాఠంలో పిల్లలు గుండెను చూసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే గుండెను అడుగుతున్నారు.

గంట మోగింది. "మార్పులు దాచనా?" అంది తెర. ఏ పేరుతో దాచాలో పిల్లలను అడిగి, వాళ్ళు చెప్పిన పేరే పొడిచి, కొత్త పేజీ తెరిచిపెట్టి పక్కకు జరిగింది.

పిల్లలు బయటికి వెళ్ళాక ఆఫీసరమ్మ లేచింది. "ముందుగా తయారుచేసిన పాఠం చూపించాలని నియమం కదండీ. అది ఏది?"

"తయారుచేశానండీ. చెరిగిపోయింది" అంది వదిన. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

లెక్కల మాస్టారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. "నేనే తుడిచానండీ" అన్నాడు. "ఆవిడకు శుభ్రంగా ఉండాలని."

"తుడిస్తే తుడిచారు" అంది వదిన. "మనం ఎన్నాళ్ళ నుంచి ఒకరికొకరం తుడుచుకుంటున్నాం. ఈయన తప్పు లేదండీ. చెప్పాల్సింది మేము."

ఆఫీసరమ్మ తెర వైపోసారి చూసింది. "అంటే ఈ పాఠం అప్పటికప్పుడు చెప్పారా?"

"పాఠం అప్పటికప్పుడు కాదండీ, అది ఎప్పటి నుంచో ఉంది. పిల్లలు ఏం అడుగుతారన్నదే అప్పటికప్పుడు. సుద్దముక్కతో అయితే గుండె చెప్పేదాన్ని. వాళ్ళు నమ్మి కూర్చున్నదాన్ని తీసి అందరి ముందూ పెట్టగలిగింది మాత్రం ఈ తెర ఉంది కాబట్టే. లేదంటే ఆ పిల్ల పిన్ని ముక్కు నొక్కుకుంటూనే ఉండేది."

లావుపాటి ఆయన, నియమం ప్రకారం మార్కుల పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంచాలి కదా అని గొణిగాడు. ఆఫీసరమ్మ తన చిన్న తెర మీద ఏదో నొక్కింది. "ఖాళీగానే ఉండనివ్వండి. మిగతా గళ్ళు నిండాయి. పదో తరగతి ఈవిడదే." తర్వాత వదిన వైపు తిరిగి, మిగతా బళ్ళకు వచ్చి ఈ పాఠం చెబుతారా అని అడిగింది.

"నేను రావడం దేనికండీ. ఆ టీచర్లనే ఇక్కడికి పంపండి. పిల్లల మధ్య బెంచీల్లో కూర్చోవాలి. అడిగితే జవాబు చెప్పాలి. తుమ్మమంటే తుమ్మాలి."

బక్కపలచటి ఆయన ముక్కు తుడుచుకుంటూ, "నేను హామీ ఇస్తాను" అన్నాడు.

సాయంత్రం మేమిద్దరం ఇంటికి నడుస్తుంటే వదిన రోజూలాగే చేతిసంచి భుజాన వేసుకుని నడిచింది. నాకు మాత్రం కనబడ్డవాళ్ళందరినీ ఆపి చెప్పాలనిపించింది. బళ్ళు తిరుగుతూ ఎంతమందికి నేర్పానో నాకే గుర్తులేదు. వాళ్ళలో చాలామంది నేను చూపించింది చూపించినట్టు చేస్తారు. నేను చూపించనిది చేసినావిడ ఈమె ఒక్కతే. ఆమె ఎవరో కాదు, మా వదిన.

షాపులో అన్న ఒక మోటారు ముందేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మోటారు తాలూకు రైతు, ఎప్పుడు తెములుతుందా అన్నట్టు గోడకానుకుని. అన్న మమ్మల్ని చూసి, చేతిలో తీగ వదిలేసి నా మొహం చూశాడు. వదిన మొహం చూడడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. నేను తల ఊపాను.

వదిన ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"మా ఆవిడ" అన్నాడు అన్న రైతుతో, "పదో తరగతికి చెబుతుంది."

"తెలుసు. మా వాడికీ ఆవిడే చెప్పింది. మోటారు ఎప్పుడిస్తావు?"

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు. ఇప్పుడు తెర మీద చెబుతుంది. పైనుంచి ఆఫీసర్లొచ్చి, చూసి, ఈవిడే చెప్పాలన్నారు. ఇక నుంచి చుట్టుపక్కల టీచర్లంతా వచ్చి ఆవిడ దగ్గర బెంచీల్లో కూర్చుని నేర్చుకుంటారట."

ఆ చివరి మాట నేనింకా చెప్పనేలేదు. ఆ బడి నుంచి మా ఇంటికి కబురు మాకంటే ముందే నడిచొచ్చింది.

"మంచిదే. మోటారు?"

"ఇస్తాను లేవయ్యా. ముందు విను. తుమ్మితే గుండె ఆగుతుందా, ఆగదా? నువ్వు చెప్పు."

"ఏమండీ" అంది వదిన లోపల్నించి, "ఆయన మోటారు సంగతి చూడండి."

గొంతులో విసుగుంది. నేను మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాను. ఆమె వంటింట్లో లేదు. మధ్య గది తలుపు చాటున, షాపు వైపు చెవి పెట్టి, చేతిసంచి ఇంకా భుజానే ఉండగా నిలబడి ఉంది. నన్ను చూసి, మాట్లాడొద్దని చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. బయట అన్న రైతుకు మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నాడు.